కంబళి కప్పిన వీసీఆర్

మా పాపకు పదహారు నెలలు నిండిన వారానికి పిల్లల డాక్టరు నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. పాప ఎప్పుడు మెడ నిలిపింది, ఎప్పుడు బోర్లా పడింది, ఎప్పుడు కూర్చుంది, అన్నీ నెలలతో సహా రాయాలి. అవన్నీ నాకు నోటికి వచ్చు. కాగితం చివర మాత్రం ఇంకో రెండు గడులున్నాయి. తండ్రి ఎన్నో నెలలో నడిచాడు, తల్లి ఎన్నో నెలలో నడిచింది.

మా పాప ఇంకా నడవలేదు. నిలబెడితే రెండు క్షణాలు నిలబడి, ఏదో గుర్తొచ్చినట్టు నెమ్మదిగా కూర్చుంటుంది. పాకదు కూడా. ఒక చెయ్యి నేలకు ఆనించి, కూర్చున్న చోటి నుంచి కూర్చునే జరుగుతుంది.

"కొన్ని ఇండ్లలో పిల్లలు ఆలస్యంగానే నడుస్తారమ్మా. మీ ఇద్దరిలో ఎవరైనా అట్లాంటివాళ్లయితే ఇంకో రెండు నెలలు చూస్తాను. లేదంటే పరీక్షలు మొదలుపెడదాం. ఊరికే ఖాళీ వదిలేయకుండా కనుక్కొని రాయండి" అన్నాడు డాక్టరు.

పరీక్షలంటే ముందు రక్తం. తర్వాత బెంగళూరు. అక్కడ పాపకు మత్తిచ్చి తలకు స్కానింగు. మత్తు అనే మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది, ఆ తర్వాత ఆయన చెప్పింది సగమే విన్నాను. వచ్చే సోమవారం కాక పై సోమవారం రమ్మన్నాడు.

తండ్రి గడి ఆ పూటే నిండింది. మా ఆయన బెంగళూరులో పనిచేస్తాడు, రెండు వారాలకోసారి వస్తాడు. ఫోనులో చెబితే వెంటనే వాళ్లమ్మను అడిగి, పదకొండో నెల అని చెప్పాడు. ఆమెకు నెల ఒక్కటే కాదు, ఆ రోజు కళ్లంలో చెనక్కాయలు ఎండబోసి ఉన్నాయని, వాటి మీదుగా నడిచాడని కూడా గుర్తుందట.

నా గడి గురించి అడగడానికి ఎవరూ లేరు. అమ్మ నేను ఇంటర్ చదివేటప్పుడు పోయింది. నాయన పాప పుట్టకముందే పోయాడు. నాకు అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు లేరు. నేను మొదటి అడుగు వేయడం చూసినవాళ్లు ఇద్దరు. వాళ్లతో పాటు ఆ సంగతి కూడా పోయిందని ఆ గడి చూసేదాకా నాకు తట్టలేదు.

మేముండేది బుక్కరాయసముద్రంలో, మేడ మీద రెండు గదుల్లో. పొద్దంతా గాలి. ఆ గాలికి తలుపులు కొట్టుకోవడం, కింద ఇంటామె గొంతు, ఇవే నాకు తోడు. ఇంటామె మంచిదే. కానీ నేను పాపను ఎత్తుకొని మెట్లు దిగినప్పుడల్లా ఒకటే మాట.

"ఏమ్మా, ఇంగా నడ్చలేదా పాప? మా మనవరాలు పది నెలలకే గేటు దాటి పోతాండె. పట్టుకునేదానికే ఒక మనిషి కావల్సి వస్తాండె."

ఆ మాట తప్పించుకోవడానికి నేను ఆమె పూజలో ఉండే వేళ చూసి కిందికి దిగడం మొదలుపెట్టాను.

మా చిన్నమ్మ కుందుర్పిలో ఉంటుంది. అమ్మకు చెల్లెలు. మూడో రోజు ఆమెకు ఫోను చేశాను. నేను ఎప్పుడు నడిచానో ఆమెకు తెలియదు. అప్పటికి మేము కంబదూరులో ఉన్నాం, ఆమె పెండ్లికాక కుందుర్పిలో ఉంది, ఏడాదికి రెండుసార్లు కలిసేవాళ్లమట. నీ పెండ్లికి నేను వచ్చినాను కదా, అప్పుడు నడుస్తుండేదాన్నా అని అడిగాను.

"నాకేం తెలుస్తాదే? నా పెండ్లినాడు నేను నా కాళ్లకు మెట్టెలు చూసుకుంటానా, నీ కాళ్లు చూస్తానా?" అంది. తర్వాత తనే నవ్వి, పెండ్లి క్యాసెట్టు ఉంది కదా, చూసుకో అంది.

ఫోను పెట్టేసి పెండ్లి తేదీకి, నా పుట్టినరోజుకు మధ్య రోజులు లెక్కవేశాను. ఆ పెండ్లినాటికి నాకు పదహారు నెలల ఇరవై రోజులు.

క్యాసెట్టు మర్నాడు బస్సులో వచ్చింది. చిన్నమ్మ దాన్ని కొర్రల సంచిలో దూర్చి డ్రైవరు చేతికిచ్చింది. పాపను చంకనేసుకొని అనంతపురం బస్టాండుకు పోయి తెచ్చుకున్నాను. దారిలో ఒక ఫోటో స్టూడియోలో దాన్ని ఫోనులోకి ఎక్కించి ఇస్తారా అని అడిగితే, ఇవి ఇక్కడ చేయరు, బెంగళూరు పంపాలి, నెల పడుతుంది అన్నాడు. నాకున్నది ఐదు రోజులు.

వీసీఆర్ మాత్రం నా దగ్గరే ఉంది. నాయనకు కంబదూరులో రేడియో, టీవీ రిపేరి అంగడి ఉండేది. ఆయన పోయాక అంగడి ఖాళీ చేసినప్పుడు మిగతావన్నీ ఎవరెవరో తీసుకుపోయారు. వీసీఆర్‌ను ఎవరూ అడగలేదు. అది ఒక గొర్రెల ఉన్ని కంబళిలో చుట్టి ఉంటే అట్లాగే తెచ్చి అటక మీద పెట్టాను. కంబళిని తర్వాత విప్పి పాపకు నేల మీద పరిచాను. గరుకుగా ఉంటుంది, కానీ బండల చలి రానివ్వదు. పాప దాని మీదనే కూర్చోవడం నేర్చుకుంది.

ఆ వీసీఆర్ అంటే నాయనకు గొప్ప. బెంగళూరులో పాత సామాన్ల సంతలో కొన్నాడు. లోపల ఒక వెండిరంగు డ్రమ్ము ఉంటుంది, డబ్బా మూత అంత. దాని అంచున ఎదురెదురుగా చదివే తలలు రెండు. టేపు దాని చుట్టూ ఏటవాలుగా చుట్టుకొని మెల్లగా జరుగుతుంటే, డ్రమ్ము సెకనుకు ఇరవై ఐదు సార్లు తిరుగుతూ బొమ్మను చదువుతుంది. అది ఎంత వేగంగా తిరుగుతోందో మిషనుకు తెలియడానికి మామూలు వీసీఆర్‌లలో చిన్న అయస్కాంతం ఉంటుంది. ఇందులో వెలుతురు. డ్రమ్ము అడుగున నలుపు, తెలుపు చారలు వరసగా ఉంటాయి. పక్కన ఒక చిన్న దీపం, ఒక కన్ను. తెల్ల చార ఎదురైతే వెలుతురు తిరిగొచ్చి కంట్లో పడుతుంది, నల్ల చార ఎదురైతే పడదు. ఆ మిణుకులను లెక్కపెట్టి మిషను వేగం తెలుసుకుంటుంది. చారల్లో ఒక్కటి మాత్రం మిగతావాటికంటే వెడల్పు. అది వచ్చిందంటే తల ఫలానా చోట ఉందని గుర్తు.

ఇదంతా నేను ఇంజనీరింగు కాలేజీలో నేర్చుకున్నది కాదు. అక్కడ చదివింది ఎలక్ట్రానిక్సే అయినా వీసీఆర్‌ను ఎవరూ తాకనివ్వలేదు, అప్పటికే అది పాతబడిపోయింది. నేర్పింది నాయన. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు సైకిలును తలకిందులుగా నిలబెట్టి, వెనక చక్రంలో ఒక ఊచకు తెల్లగుడ్డ కట్టాడు. నా అరచెయ్యి పట్టుకొని చక్రం పక్కన ఉంచి, కండ్లు మూసుకోమన్నాడు. చక్రం తిప్పాడు. గుడ్డ చేతికి తగిలినప్పుడల్లా ఒకటి, రెండు అని లెక్కపెట్టమన్నాడు.

"ఎంత బిరీన తిరుగుతాందో తెలిస్తే సాలదు మే. యాడుండాదో గూడా తెలియల్ల. రెండూ తెలిస్తేనే బొమ్మ నిలుస్తాది" అన్నాడు.

నాకు లెక్క ఇరవై దాకానే వచ్చింది. ఆ తర్వాత చక్కిలిగింత.

మొదటిరోజు వీసీఆర్ క్యాసెట్టును మింగలేదు. మూత ఊడదీసి చూస్తే లోపలి రబ్బరు పట్టీ సాగిపోయింది. ఒక చక్రాన్ని వేలితో తిప్పితే క్యాసెట్టు లోపలికి దిగి, టేపు డ్రమ్ముకు చుట్టుకుంటోంది. ఆ పట్టీ ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది. వేలితోనే తిప్పుకోవచ్చనుకున్నాను. మూత తీసే ఉంచాలి, అంతే. లోపల బాగా కనిపించాలని మిషనును కిటికీ ముందు, ఎండ నేరుగా పడే చోట పెట్టాను. గుడ్డతో తలలు తుడిచాను. టీవీకి తీగలు కలిపాను.

డ్రమ్ము తిరిగింది. కానీ దాని చప్పుడు ఒక్క తీరుగా లేదు. ఎగిసి, తగ్గి, మళ్లీ ఎగిసి, నాలుగైదు క్షణాలకు ఆగిపోయింది. మిషను క్యాసెట్టును బయటికి తోసేసింది. టీవీలో నీలంరంగు తప్ప ఏమీ లేదు. మళ్లీ వేశాను. మళ్లీ తోసేసింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పొద్దున పాప నిద్రలేవకముందు ఇల్లు ఊడ్చేదాన్ని, అది మానేసి వీసీఆర్ ముందు కూర్చునేదాన్ని. పాప లేచి వచ్చి, కూర్చునే జరుగుతూ నా వీపుకు ఆనుకునేది.

కన్ను పోయి ఉంటుందని అనుమానం వచ్చింది. శుక్రవారం మిషనును సంచిలో పెట్టి, పాపను ఎత్తుకొని ఆటోలో టౌనుకు పోయాను. టీవీలు బాగుచేసే అతను అంగడి ముందు బల్ల మీద, ఎండలోనే దాన్ని తెరిచి కరెంటు ఇచ్చాడు. అదే చప్పుడు. ఎగిసి, తగ్గి, ఆగిపోయింది.

"కన్ను సచ్చిపోయింది అక్కా దీంట్లో. ఇది ఇప్పుడు యాడా దొరకదు" అన్నాడు. తర్వాత పాపను చూసి, పాత సామాన్లకు వేస్తే పాపకు బిస్కెట్లు వస్తాయని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. రూపాయి తీసుకోకుండా మూత బిగించి ఇచ్చాడు, అది మాత్రం చెప్పాలి.

సాయంత్రం చిన్నమ్మ ఫోను చేసింది, క్యాసెట్టులో తను ఎట్లుందో అడగడానికి. వీసీఆర్ పనిచేయడం లేదన్నాను. ఆమె నాయన సంగతులు ఎత్తుకుంది. "ఎప్పుడు పోయినా మీ నాయన ఎలుగొడ్డు మాదిరి ఆ కంబళి కప్పుకొని కూచుంటాండె. అంత ఎండలో, చెమటలు కారతా. ఎవురన్నా పిలిస్తే కంబళిలోనించే ఊ అంటాండె. మీ యక్కకు యాడ దొరికినాడో ఈ మనిషి అని మా నాయన నన్నడుగుతాండె" అంది.

నాకూ ఆ దృశ్యం గుర్తుంది. అంగడిలో బల్ల మీద నల్లటి గుట్ట, దాని కింద నాయన కాళ్లు. రిపేరి ఆలస్యమైందని అరవడానికి వచ్చేవాళ్లకు మొహం చూపించలేక దాక్కుంటాడని నేను చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఆ శుక్రవారం కూడా అట్లాగే అనుకున్నాను.

ఆ వారమంతా ఆకాశంలో మోడాలు కమ్ముతున్నాయి, గాలికి తేలిపోతున్నాయి. శ్రావణంలో మా వైపు మబ్బుల పని అదే. ఇంటామెకు కంబదూరు పక్క చెనక్కాయ పైరుంది. రోజూ మెట్ల మీద నిలబడి తలెత్తి, ఈ మోడానికి నీతి లేదని తిట్టేది.

శనివారం మధ్యాహ్నం చివరిసారి అనుకొని మిషను ముందు కూర్చున్నాను. మూత తీసి, చక్రం వేలితో తిప్పి, క్యాసెట్టు దింపాను. డ్రమ్ము ఎగిసింది, తగ్గింది. ఇక ఆగిపోతుంది అనుకునేంతలో గదిలో వెలుతురు తగ్గింది. మబ్బు అడ్డొచ్చింది. డ్రమ్ము చప్పుడు సన్నగా, ఒక్క తీరుగా నిలబడింది. టీవీలోంచి నాదస్వరం వినిపించింది. తలెత్తి చూస్తే గోరింటాకు పెట్టిన రెండు చేతులు, గాజులు, పసుపు దారం. చిన్నమ్మ చేతులు. పది క్షణాలుండొచ్చు. మళ్లీ ఎండ వచ్చి కిటికీలోంచి మిషను మీద పడింది. చప్పుడు చెదిరింది, బొమ్మ పోయింది, క్యాసెట్టు బయటికొచ్చింది.

మొదట కరెంటు అనుకున్నాను. ప్లగ్గు అటూ ఇటూ కదిపాను. ఇంకో మబ్బు వచ్చింది. మళ్లీ నిలబడింది. మబ్బు పోయింది, మళ్లీ చెదిరింది. అప్పుడు అర్థమైంది. ఎండ లోపల పడితే డ్రమ్ము అడుగున నల్ల చార లేదు, తెల్ల చార లేదు, ఆ కంటికి అంతా తెలుపే. గుడ్డ కట్టిన ఊచ ఏదో, కట్టని ఊచ ఏదో తెలియకుండా పోయినట్టు. కన్ను చావలేదు. నేనూ, ఆ రిపేరి అతనూ బాగా చూద్దామని ఎండలో పెట్టి దాన్ని గుడ్డిదాన్ని చేశాం. నాయన దాక్కోవడానికి కాదు, ఆ కంటికి చీకటి ఇవ్వడానికి కంబళి కప్పుకున్నాడు.

పాప కంబళి మీద కూర్చొని చెంచాతో గిన్నె కొడుతోంది. ఎత్తి బండ మీద కూర్చోబెడితే ఏడ్చింది. ఏడుపు ఆపే ఓపిక లేకపోయింది. కంబళిని నా తల మీద నుంచి మిషను మీదికి లాక్కున్నాను. లోపల చీకటి, ఉన్ని వాసన, ఉడుకు. చేత్తో తడిమి చక్రం తిప్పాను. డ్రమ్ము లేచింది. ఎగిసి, నిలబడింది. తల మాత్రం బయటికి తీసి, కంబళిని మిషను చుట్టూ బిగించాను. పాప ఏడుపు ఆపి, చెదిరిన నా జుట్టును చూస్తోంది.

మూడు గంటల పెండ్లి. మొదట్లో అందరి మొహాల మీద పువ్వులు పూసి, గుండెల ఆకారంలో విడిపోయాయి. వీడియో అతను పెండ్లికూతురిని, పెండ్లికొడుకును తప్ప ఎవరినీ నిలకడగా చూపించలేదు. ముందుకు పరిగెత్తించాను, వెనక్కి తిప్పాను. భోజనాల వరసలో నాయన దొరికాడు, మీసం నల్లగా, నీళ్ల జగ్గుతో. అమ్మ ఒక దగ్గర వీపు మాత్రమే. ఇంకో దగ్గర అమ్మ చంకలో నేను, మొహం అమ్మ భుజంలో దాచుకొని. ఎత్తుకుంటే ఏమి తెలుస్తుంది. పెద్దవాళ్లు నడిచే పిల్లలను కూడా పెండ్లిలో ఎత్తుకుంటారు.

తలంబ్రాలు అయ్యాక వచ్చింది. ముందు చిన్నమ్మ, ఆమె భర్త తల వంచుకొని కూర్చున్నారు. వెనక, బొమ్మ అంచున, ఇనుప కుర్చీలు. పిల్లలు ముగ్గురు వాటి మధ్య పరిగెత్తుతున్నారు. అమ్మ నన్ను చంకలోంచి దింపి, ఒక కుర్చీ పట్టించి నిలబెట్టింది. రెండు చేతులూ మెల్లగా తీసింది. నేను రెండు క్షణాలు నిలబడ్డాను. తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, నెమ్మదిగా కూర్చున్నాను. అమ్మ మళ్లీ నిలబెట్టింది. మళ్లీ కూర్చున్నాను. అమ్మ వంగినదల్లా లేచి అటు చూసింది, ఇటు చూసింది. ఎవరైనా చూశారేమోనని. ఎవరూ చూడలేదు. అందరూ పెండ్లికూతురి వైపే చూస్తున్నారు.

ఆ చూపు నాకు తెలుసు. ఇంటామె పూజకు కూర్చుందో లేదో చూసి మెట్లు దిగేటప్పుడు నా చూపు అదే.

బొమ్మను ఆపాను. ఆపితే టేపు ఆగుతుంది కానీ డ్రమ్ము ఆగదు. ఆ ఒక్క చోటనే, సెకనుకు ఇరవై ఐదు సార్లు, టేపును రాసుకుంటూ తిరుగుతూనే ఉంటుంది. ఎక్కువసేపు ఆపితే ఆ చోట బొమ్మ అరిగిపోతుందని, అందుకే కొంతసేపటికి మిషను తనంతట తనే వదిలేస్తుందని నాయన చెప్పేవాడు. ఆపి చూసేవాళ్లను కోప్పడేవాడు కూడా. అమ్మ మొహం మీద సన్నటి గీతలు వణుకుతున్నాయి. అప్పుడు అమ్మకు ఇరవై మూడేళ్లు. నాకంటే ఐదేళ్లు చిన్నది. నాయన అక్కడే, అంత దగ్గరలో, నీళ్లు పోస్తూ ఉన్నాడు. ఆయనతో చెప్పిందో లేదో. అంతమంది బంధువుల మధ్య ఆమె ఒక్కతే నిలబడి ఉంది, నేను కింద కూర్చొని ఆమె చీర కుచ్చెళ్లు పట్టుకొని ఉన్నాను.

మిషను వదిలేయకముందే నేనే వదిలాను. అమ్మ వంగి నన్ను ఎత్తుకుంది. ఎవరో ఏదో అన్నారు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది. బొమ్మలోంచి వెళ్లిపోయింది. మిగతా టేపంతా చూశాను. మళ్లీ రాలేదు.

నేను ఎప్పుడు నడిచానో అందులో లేదు. పదిహేడో నెలో, ఇరవయ్యో నెలో. అది ఇక ఎవరికీ తెలియదు. కాగితంలో నా గడిలో, పదహారు నెలల ఇరవై రోజులకు నడవలేదు అని రాశాను.

సోమవారం డాక్టరు ఆ వాక్యం చదివి తలెత్తాడు. రోజులతో సహా రాశారే, ఎవరు చెప్పారు అని అడిగాడు.

"మా అమ్మ" అన్నాను.

రెండు నెలలు చూద్దామన్నాడు. అందులో మూడు వారాలు గడిచాయి. పాప పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఈ పొద్దున కుర్చీ పట్టించి చేతులు తీశాను. కూర్చుంది. కిటికీ తెరిచే ఉంది, కింద ఇంటామె మెట్ల మీద నిలబడి మబ్బును తిడుతోంది, తలెత్తితే మేము కనిపిస్తాం. నేను అటూ ఇటూ చూడకుండా పాపను మళ్లీ నిలబెట్టాను.